వారానికి ఒక్కసారే అని తెలుగులో రాస్తే ఏం పోతుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో కీళ్లవాతం మందులతో వచ్చే ఇబ్బందుల గురించి వేశారు. జుట్టు ఊడుతుంది, నోట్లో పుండ్లు పడతాయి, లివర్ దెబ్బతింటుంది, కళ్లు పోతాయి, టీబీ తిరగబెడుతుంది అని వరసగా పన్నెండు రాశారు, నేను లెక్కపెట్టాను. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అది చదివిన సాయంత్రమే మా వీధిలో ఒకావిడ, జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చి, "అక్కా, నేను ఆ మాత్ర మానేసినా, పేపర్లోనే వేసినారు కదా" అంది. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. రెండేళ్ల కిందట పిడికిలి మూయలేకపోయేది, మెథోట్రెక్సేట్ అనే ఆ కీళ్లవాతం మాత్ర మొదలుపెట్టాకే మళ్లీ పిల్లాడికి అన్నం కలిపి పెడుతోంది. మందు మింగితే ఏమవుతుందో పన్నెండు రాసి, మింగకపోతే ఏమవుతుందో ఒక్కటి కూడా రాయకపోతే జరిగేది ఇదే. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అవుతుంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత గోల కత్తిరించండి గాని, మాత్ర వారానికి ఒక్కసారే అన్న ముక్క మాత్రం ఉంచండి.

నేను డాక్టర్ని కాదు. తిరుపతి కొర్లగుంటలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను, వయసు 51. ఇందులో నేను చెప్పే మందుల సంగతులు కొన్ని డాక్టర్ల దగ్గర విన్నవి, కొన్ని బీఫార్మసీ చదువుతున్న మా పాప తన పుస్తకాల్లోంచి చదివి నాకు అర్థమయ్యేలా చెప్పినవి.

నాకు ఇది 2016 డిసెంబరులో మొదలైంది. ధనుర్మాసం, తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేద్దామని కూర్చుంటే పిండి వేళ్ల మధ్య నిలవలేదు, చుక్క పడాల్సిన చోట కుప్ప పడింది. చలికి అనుకున్నాను. వారం తర్వాత సూదిలో దారం ఎక్కించలేకపోయాను, కత్తెర వేళ్లకు పట్టుకుంటే తీయడానికి ఇంకొకరు కావాల్సి వచ్చింది. పొద్దున లేచింది మొదలు తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా చేతులు కొయ్యల్లా ఉండేవి, ఆ తర్వాత మెల్లగా సాగేవి. రెండు చేతులకూ ఒకే వేళ్లకు వాపు. ఇదంతా ఈ జబ్బు గుర్తేనని తర్వాత తెలిసింది. వయసుతో మోకాళ్లు అరిగేవాళ్లకు నడిచేకొద్దీ నొప్పి ఎక్కువవుతుంది, మాకు కదిలేకొద్దీ తగ్గుతుంది, ఈ ఒక్క తేడా ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు ఒకటిన్నర సంవత్సరం మిగిలేది.

ఎందుకంటే అందరూ ఒకటే మాట, చికున్‌గున్యా తాలూకు నొప్పులు అని. 2006లో మా రాయలసీమ అంతా ఆ జ్వరంతో మూలిగింది, కొందరికి కీళ్లనొప్పులు నెలల తరబడి వదల్లేదు, కాబట్టి మా వైపు ఎవరికి కీళ్లు పట్టేసినా ఇప్పటికీ అదే అంటారు. పుత్తూరు కట్టు కట్టించుకోమన్నారు. నాయనా, అది విరిగిన ఎముకకు, నాది విరగలేదు కదా. వంకాయ, ఉర్లగడ్డ, గోంగూర వాతం అని మాన్పించారు, పెరుగు మాన్పించారు, చివరికి చింతపండు కూడా. చింతపండు లేకుండా చిత్తూరు జిల్లా ఆడది ఎన్నాళ్లు బతుకుతుంది? రెండు నెలలు చేసి వదిలేశాను. వాపు ఉన్నంత ఉంది.

తర్వాత మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్ రోజుకు రెండు, ఐదు నెలలు. అది వేసుకున్న పూట పని నడిచేది, కాబట్టి మంచిదే అనుకున్నాను, మింగినకొద్దీ కడుపులో మంట, ఆ మంటకు ఇంకో మాత్ర. నొప్పి మాత్ర నొప్పిని మాత్రమే ఆపుతుందని, లోపల కీలును తినే పని దాని పాటికి అది సాగుతూనే ఉంటుందని అప్పుడు తెలియదు. మీ పన్నెండింటిలో నొప్పి మాత్ర లేదు చూశారా? మా వీధిలో మెథోట్రెక్సేట్ పేరు చెబితే భయపడే ప్రతి ఇంట్లోనూ చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రల స్ట్రిప్పు ఉంటుంది. ఏళ్ల తరబడి మింగితే కిడ్నీ, కడుపులో పుండు, బీపీ, గుండె, ఇవన్నీ దాని ఖాతాలోవే. దాన్ని చూసి ఎవరూ భయపడరు, అలవాటైన మొహం కదా.

దాని తర్వాత పొడి. ఎవరో చెబితే బస్సెక్కి పోయి తెచ్చుకున్నాను, పేరూ ఊరూ లేని పొట్లం, మీద ఏ అక్షరమూ లేదు. మూడో రోజుకు లేచి కూర్చున్నాను సార్! నెల తిరక్కుండా దీపావళి జాకెట్లు అరవై కుట్టాను. ఇంటింటికీ ఆ పొడి గురించి చెప్పింది నేనే, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నాలుగు నెలలకు బుగ్గలు ఉబ్బి ముఖం గుండ్రంగా అయింది, బరువు తొమ్మిది కిలోలు పెరిగాను, అంతకుముందు లేని షుగరు 280 చూపించింది. ఒక వారం పొడి దొరకలేదు, మంచం దిగలేకపోయాను. నన్ను చూసిన డాక్టరు పొట్లం కూడా విప్పకుండానే, ముఖం చూసి, దీంట్లో స్టెరాయిడ్ కలిపి ఉంటారమ్మా అన్నాడు. ఆయుర్వేదం మీద నాకు ఏ కోపమూ లేదు, మా తిరుపతిలో ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, అక్కడ ఆమవాతం అని పేరు పెట్టి, ఏ మందు ఇస్తున్నారో చీటీలో రాసి ఇస్తారు. నా కోపం అక్షరం లేని పొట్లం మీద.

అలాగని స్టెరాయిడ్ విషమూ కాదు. 1948లో అమెరికాలో మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చింది కీళ్లవాతం రోగికే, మంచంలో ఉన్న మనిషి కొద్ది రోజుల్లో లేచి నడిచింది, 1950లో ఆ పని చేసినవాళ్లకు నోబెల్ కూడా ఇచ్చారు. తర్వాతే తెలిసింది, ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారతాయని, షుగరు, కంట్లో శుక్లాలు వస్తాయని. నాకూ తర్వాత డాక్టరు స్టెరాయిడ్ మాత్రే ఇచ్చాడు, పొడి మాన్పించడానికి. రోజుకు పది మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకా అని చెప్పి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ మూడు నెలల్లో ఆపేశాడు. ఒక్కసారిగా ఆపొద్దని మూడుసార్లు చెప్పాడు, ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్ ఆగిపోయి ఉంటుంది కాబట్టి ప్రాణం మీదికి వస్తుందట. ఎంత వేసుకుంటున్నానో తెలుసు, ఎప్పుడు ఆగుతుందో తెలుసు. పొట్లంలో దాగిన స్టెరాయిడ్‌కీ చీటీ మీద రాసిన స్టెరాయిడ్‌కీ ఉన్న తేడా అంతా అదే.

ఇంతకీ జబ్బు పేరు తేలింది ఎప్పుడంటే, మా వైపు ఏ పెద్ద రోగం వచ్చినా చివరికి రాయవేలూరు, అదే తమిళనాడు వేలూరు, పెద్దాసుపత్రి అంటారు కదా, అలాగే పోయాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే కీళ్లవాతం అన్నారు. ఈ జబ్బును పట్టిచ్చే రక్తపరీక్షలు ఆర్ఏ ఫ్యాక్టరు, యాంటీ సీసీపీ రెండూ ఉన్నాయని వచ్చాయి, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్ 78. ఎక్స్‌రేలో కుడిచేతి రెండు కీళ్ల దగ్గర ఎముక అంచు కొరికినట్టుంది. ఒంట్లో కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే మనవాళ్లెవరో పరాయివాళ్లెవరో తెలియక సొంత కీళ్ల మీద పడటం ఈ జబ్బు, ఆడవాళ్లకే ఎక్కువ వస్తుంది, మొదటి రెండేళ్లలోనే చాలా నష్టం చేసేస్తుంది. గుడ్డ తప్పు కత్తిరిస్తే అతుకు వేసి ఎలాగో సర్దుతాను, మునుపటి గుడ్డ మాత్రం రాదు. కీలు కూడా అంతే, కొరికిన ఎముకను ఏ మాత్రా మునుపటిలా చేయలేదు, ఇంకా కొరక్కుండా ఆపుతుంది. నా ఉంగరం వేలు వంకర అలాగే ఉండిపోయింది. అది మందు చేసింది కాదు, ఒకటిన్నర సంవత్సరం మందు లేకపోవడం చేసింది. అంతేకాదు, ఈ జబ్బును అదుపులో పెట్టకపోతే గుండెపోటు భయం పెరుగుతుంది, ఊపిరితిత్తులు పాడుకావచ్చు, రక్తం తగ్గుతుంది. మీ పేజీలో రెండో వరసగా వేయాల్సినవి ఇవీ.

మెథోట్రెక్సేట్ చీటీ తీసుకుని మందుల షాపుకు పోతే అక్కడి అబ్బాయి "ఎవరికమ్మా క్యాన్సర్?" అన్నాడు. నలుగురి ముందు. కాళ్లు వణికాయి, మందు కొనకుండానే ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన విసుక్కోకుండా చెప్పాడు, అదే మందు నిజమే, క్యాన్సర్‌కు ఒక్కోసారి వందల, వేల మిల్లీగ్రాములు ఎక్కిస్తారు, నీకు వారం మొత్తానికి 15, ఈ జబ్బుకు 7.5 నుంచి 25 దాకానే ఇస్తాం అని. ఉప్పు చిటికెడు వేస్తే కూర, దోసెడు వేస్తే విషం. 1988లోనే అమెరికాలో కీళ్లవాతానికి అనుమతి వచ్చిన మందు, ఇప్పటికీ ప్రపంచమంతా దీనితోనే మొదలుపెడతారు, ధర కూడా జనరిక్‌లో అయితే నెలకు ఒక జాకెట్టు కుట్టుకూలి అంత కూడా కాదు.

మా పాప చెప్పిన ఇంకో సంగతి విన్నాక నాకు ఆ మాత్ర మీద భయం సగం పోయింది, నవ్వకండి. ఈ మందు పుట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధన నుంచి. ఆయన బృందం 1940లలో ముందు ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, తర్వాత దానికి ఎదురు పనిచేసే మందులు చేసింది, అందులో ఒకటే ఈ మెథోట్రెక్సేట్. 1948లో 53 ఏళ్లకే పోయారు పాపం. నేను బుధవారం మెథోట్రెక్సేట్, గురువారం ఫోలిక్ యాసిడ్ వేసుకుంటాను, వికారం, నోటి పుండ్లు తగ్గించడానికి అది. వారానికి రెండు రోజులు ఆ తెలుగాయన చేతి మందే తింటున్నాననుకుంటాను.

బుధవారం ఎందుకంటే, డాక్టరు మొదట శనివారం అన్నాడు. తిరుపతిలో ఉంటూ శనివారం ఒక్కపొద్దు వదలడం నా వల్ల కాదు, ఖాళీ కడుపుతో ఆ మాత్ర వేసుకుంటే ఆదివారం అంతా వాంతి వచ్చేలా ఉండేది. రెండు నెలలు అలాగే నెట్టుకొచ్చి, నోరు విప్పి చెబితే ఒక్క నిమిషంలో తేలిపోయింది. బుధవారానికి మార్చి, మధ్యలో ఎన్ని రోజులు ఎడం ఉంచాలో రాసిచ్చి, రాత్రి అన్నం తిన్నాక వేసుకో, పడుకుంటే వికారం తెలియదు అన్నాడు. అంతే. మాత్ర అసలు పడనివాళ్లకు ఇదే మందు చర్మం కింద వేసుకునే సూదిగా కూడా ఉందట. జుట్టు ఊడింది, అబద్ధం ఎందుకు, మొదటి ఏడాది దువ్వెన నిండా వచ్చేది, ఇప్పుడు జడ సన్నబడి ఆగింది. జడా చెయ్యా అంటే చెయ్యే అన్నాను, ఇంకొకరు ఇంకోలా అనొచ్చు, అది వాళ్లిష్టం, కానీ ఆ లెక్క వాళ్లను వేసుకోనివ్వాలి.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆడపడుచు అత్తగారు, పాకాల వైపు పల్లె, 68 ఏళ్లు. ఆమెకూ ఇదే జబ్బు, ఇదే మందు. డాక్టరు చీటీలో వారానికి ఒకసారి అని ఇంగ్లీషులో రాశాడు, గొలుసుకట్టు రాత. మందుల షాపులో మాత్రలు వేసిచ్చే కాగితం కవరు మీద ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని అచ్చు ఉంటుంది కదా, ఆ అబ్బాయి ఉదయం దగ్గర టిక్కు పెట్టాడు. వారానికి ఒకసారి అని చెప్పడానికి ఆ కవరు మీద అసలు చోటే లేదు. ఆమె నమ్మకంగా రోజూ పొద్దున ఒకటి మింగింది. ఆరో రోజు నోట్లో పుండ్లు, నీళ్లు కూడా మింగలేకపోయింది, వేసవి వేడి అని మజ్జిగ తాగించారు. తొమ్మిదో రోజు జ్వరం, ఒంటి మీద నల్లటి మచ్చలు. ఆసుపత్రికి తెచ్చేసరికి తెల్లరక్తకణాలు, ప్లేట్‌లెట్లు అడుగంటి ఉన్నాయి. విరుగుడు సూదులు ఇచ్చారు, ల్యూకోవోరిన్ అంటారట, పదమూడు రోజులు ఉంచారు. బతికింది. బతకనివాళ్లూ ఉన్నారు, ఈ మాత్ర రోజూ వేసుకుని చనిపోవడం చాలా దేశాల్లో జరిగింది, అందుకే కొన్నిచోట్ల డబ్బా మీదే వారం పేరు రాయాలని నియమం పెట్టుకున్నారు.

ఆ షాపు పేరు, ఆ డాక్టరు పేరు నేను రాయను, ఎందుకంటే వాళ్లొక్కరి తప్పు కాదు ఇది. మెథోట్రెక్సేట్ మాత్రా, ఫోలిక్ యాసిడ్ మాత్రా నాకిచ్చినవి రెండూ పసుపు రంగు చిన్న మాత్రలే, కళ్లజోడు లేకుండా నేనే ఒకసారి తారుమారు చేయబోయాను. పైగా ఈ మాత్ర 2.5లో ఉంది, 5లో ఉంది, 7.5, 10, 15లో కూడా ఉంది. 2.5వి ఆరు వేసుకోమని చెప్పిన మనిషికి, స్టాకు లేదని 10వి ఇస్తే, అదే ఆరు మింగితే 60. ఎప్పుడూ ఒకే బలం మాత్ర తీసుకోండి, మారితే వేసుకోకముందే అడగండి. ఇంకొకటి, మూత్రంలో మంట అని షాపులో అడిగితే ఒక్కోసారి సెప్ట్రాన్ రకం యాంటీబయోటిక్ మాత్ర ఇస్తారు, అది మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలను మళ్లీ అలాగే దించేస్తుంది. మీ పన్నెండింటిలో ఇది లేదు. జుట్టు ఊడటం మొదటి నంబరు.

నేను అడిగేది ఇంతే సార్, డాక్టర్లను, షాపులవాళ్లను. కవరు మీద "బుధవారం మాత్రమే, రోజూ కాదు" అని తెలుగులో నాలుగు ముక్కలు. ఒక రబ్బరు స్టాంపు చేయించుకుంటే ఎంతవుతుంది?

మిగతా మందుల గురించి కూడా కొంచెం చెబుతాను, మీరు భయపెట్టారు కాబట్టి. కళ్లు పోతాయని రాసింది, మెథోట్రెక్సేట్‌తో పాటు నేనూ వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ గురించి. బరువుకు తగ్గట్టు ఇస్తారు, కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు, నేను 58 కిలోలు కాబట్టి 200 సరిపోతుంది. కంటి వెనక పొరకు దెబ్బ తగలడం అనేది సాధారణంగా ఏళ్ల తరబడి వాడాకే, అదీ పరీక్షలో మనకు తెలియకముందే కనబడుతుంది, అందుకే మొదట ఒకసారి కన్ను చూపించుకుని, ఐదేళ్ల తర్వాత ఏటా చూపించుకోమంటారు. అన్నిటిలో ఇది సాధువు మందు. నాకు దీనితో వచ్చిన ఒకే ఒక్క కష్టం 2020 మార్చిలో, కరోనాకు పనిచేస్తుందని ఊరంతా కొనేసుకుంటే రోజూ వేసుకునే మాకు దొరకలేదు, గాంధీ రోడ్డు నుంచి లీలామహల్ సర్కిల్ దాకా షాపులన్నీ తిరిగాం, అదీ లాక్‌డౌన్‌లో.

2023లో నాకు మళ్లీ వాపు మొదలైంది, రెండు మందులు చాలలేదు. అప్పుడు డాక్టరు మూడు దారులు చెప్పాడు, నాకు జీవితంలో మొదటిసారి ఒక డాక్టరు దారులు అని చెప్పడం. ఒకటి సల్ఫాసలజీన్ కలపడం, ఇంకోటి టోఫాసిటినిబ్ మాత్ర, మూడోది ఇంజక్షన్లు, అడాలిముమాబ్, ఎటానర్సెప్ట్ లాంటివి. మాత్ర కదా, అదే ఇవ్వండి అన్నాను, సూదంటే భయం. ఆయన ఆగమని, 2021లో అమెరికా మందుల సంస్థ దీని మీద గట్టి హెచ్చరిక వేయించింది, యాభై దాటి గుండెజబ్బు అవకాశాలున్నవాళ్ల మీద చేసిన పెద్ద పరీక్షలో గుండెపోటు, క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం ఎక్కువ కనబడ్డాయి, నీకు యాభై వస్తోంది, షుగరుంది, మీ అమ్మకు గుండెపోటు అన్నాడు. పాతికేళ్ల పిల్లకు ఇదే మందు ఇస్తారా అంటే, ఆ లెక్క వేరే, ఇవ్వొచ్చు అన్నాడు. ఇంజక్షన్ అంటే మా ఇంట్లో మామగారికి టీబీ వచ్చి తగ్గింది, నా ఒంట్లో కూడా ఎక్కడో నిద్రపోతుంటే ఆ ఇంజక్షన్ లేపొచ్చు, కాబట్టి ముందు చర్మం మీద పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఉంటే దానికి మందు వేసుకున్నాకే ఇది. ధర కూడా నా నెల సంపాదన మొత్తం. ఇక మిగిలింది సల్ఫాసలజీన్. పాత మందు, మూడు మందులూ కలిపి వాడితే ఇంజక్షన్‌కు పెద్ద తీసిపోదని 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలిందట. సల్ఫా పడనివాళ్లకు పనికిరాదు. మూత్రం నారింజరంగులో వస్తుంది కంగారుపడకు అని ముందే చెప్పాడు, చెప్పకపోయి ఉంటే ఆ పూటే మానేసి ఉండేదాన్ని.

మూడో నెలకు తేలిక తెలిసింది. పూర్తిగా పోలేదు, చలికాలం పొద్దున అరగంట పడుతుంది, హుక్కులు కుట్టే పని వేరే పిల్లకు ఇచ్చేశాను. కానీ కత్తెర నాదే.

ఈ మందులన్నీ రక్తపరీక్షల కాపలా ఉంటేనే. మొదటి మూడు నెలలు రెండు మూడు వారాలకోసారి చేయించాడు, ఇప్పుడు మూడు నెలలకోసారి, రక్తకణాలు, లివరు, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్. నా కొలతల పుస్తకం వెనకవైపు నుంచి రాసుకుంటాను, ముందు నుంచి తిరగేస్తే ఛాతీ చుట్టుకొలతలు, వెనక నుంచి తిరగేస్తే ఈఎస్‌ఆర్. ఒకసారి లివరు అంకె పెరిగింది. మందు ఆపలేదు, రెండు వారాలు మోతాదు తగ్గించి మళ్లీ చూశారు, దిగింది. లివర్ దెబ్బతింటుంది అని మీరు రాసిన రెండు ముక్కల వెనక నిజంగా జరిగేది చాలాసార్లు ఇది, ముందే పట్టుకోవడం, తగ్గించడం. రోజూ మందు తాగే మగవాళ్లకు మాత్రం ఆ లెక్క పనిచేయదు, వాళ్లు ఏదో ఒక మందు ఎంచుకోవాలి.

ఇంకో విషయం ఎవరూ బయటికి మాట్లాడనిది. పెళ్లి కావాల్సిన ఆడపిల్లలు. నా దగ్గర పెళ్లి జాకెట్లు కుట్టించుకున్న ఒక అమ్మాయి, 24 ఏళ్లు, చేతి మణికట్టు వాచి ఉంటే గాజులు ఎక్కవని కొలత తీస్తుంటే తెలిసింది. మెథోట్రెక్సేట్ వాడుతోంది, పెళ్లివారికి తెలియకుండా వాళ్లమ్మ అన్నీ ఆపించేసింది, అత్తారింట్లో మాత్రల డబ్బా కనబడకూడదని. నేను వాళ్లమ్మతో గొడవపడ్డాను, నా పని కాదు గాని. ఎందుకంటే ఆ మాత్ర పెళ్లికి కాదు అడ్డం, కడుపుకు అడ్డం. మెథోట్రెక్సేట్ గానీ, కీళ్లవాతానికే ఇచ్చే ఇంకో మందు లెఫ్లునోమైడ్ గానీ వేసుకుంటూ గర్భం రాకూడదు, బిడ్డకు లోపాలు రావచ్చు. మెథోట్రెక్సేట్ అయితే కొన్ని నెలల ముందు ఆపితే చాలు, లెఫ్లునోమైడ్ ఒంట్లో రెండేళ్ల దాకా కూడా ఉండిపోవచ్చు, దాన్ని బయటికి పంపడానికి వేరే మందు వాడాలి, కాబట్టి పిల్లలు కావాలనుకునే పిల్లకు అది మొదలుపెట్టే ముందే అడగాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ గర్భంలోనూ వాడొచ్చు. అంటే మార్చుకోవాలి, మానేయడం కాదు. కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి ఈ నొప్పులు వాటంతట అవే తగ్గుతాయి, కాన్పయ్యాక తిరిగి విరుచుకుపడతాయి, పసిబిడ్డను ఎత్తుకోవాల్సిన చేతులు అప్పుడే పట్టేస్తాయి. ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉందో తెలియదు, వాళ్లమ్మ మళ్లీ నా దగ్గర కుట్టించుకోలేదు.

చివరగా మీ మీద కూడా ఒక ఫిర్యాదు. దుష్ప్రభావాలు వేసిన అదే పేజీ కింద మూలన, ఏ దుష్ప్రభావాలూ లేకుండా కీళ్లవాతం నలభై రోజుల్లో మాయం అని ఒక ప్రకటన ఉంది, ఫోన్ నంబరుతో సహా. 1954 నుంచి చట్టం ఉంది, కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు వేయకూడదని, ఆ జబ్బుల జాబితాలో రుమటిజం పేరు కూడా ఉంది, మా పాప చూపించింది. పైన భయపెట్టి కింద ఆ నంబరు ఇస్తే మాలాంటివాళ్లు ఎటు పోతారో మీకు తెలియదా? నేను పోయిన చోటికే.

జాకెట్టుకని వచ్చిన ఆ ముప్పై ఎనిమిదేళ్లావిడను డాక్టరు దగ్గరికి వెళ్లమని రోజూ పోరుతున్నాను. రెండో బుధవారం కూడా పోయింది, పొద్దున మళ్లీ వేళ్లు పట్టేస్తున్నాయని నిన్ననే చెప్పింది. వెళతాలే అక్కా అంటుంది గాని ఆమెకు నా మాట కన్నా అచ్చులో పడిన మాట మీద నమ్మకం ఎక్కువ. కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, మందు ఆపితే ఏమవుతుందో మీరే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి.